ఇంటి ముంగిట పుష్పవాటిక – మన పూల పుట్టుపూర్వోత్తరాలు

తర్కశాస్త్రంలో అడుగుపెట్టిన విద్యార్థికి తొలినాళ్లలోనే ఒక లక్షణం ఎదురవుతుంది. గంధమునకు ఏది ఆశ్రయమో అదే పృథివి. నీటికి గాని, తేజస్సుకు గాని, వాయువుకు గాని స్వతస్సిద్ధమైన వాసన లేదు. సాయంకాలపు గాలిలో మల్లెల పరిమళం తేలివచ్చినదంటే, గాలి తనతో మోసుకొని వచ్చిన పార్థివాంశలదే ఆ పరిమళం. ఈ సిద్ధాంతాన్ని బాలురకు సైతం బోధపడేటట్లు తర్కసంగ్రహంలో పొందుపరచిన అన్నంభట్టు ఆంధ్రదేశీయుడే. అనగా పువ్వు వాసన పువ్వుది కాదు, మట్టిది. మట్టిలో అణగియున్న గుణాన్ని బయటికి తెచ్చి చూపే సాధనమే మొక్క. ఇంటి ముంగిట ఒక సంపెంగనో జాజినో నాటే గృహస్థు చేసే పని, శాస్త్రదృష్టితో చూస్తే, భూమి తన గుణాన్ని వ్యక్తం చేసుకొనడానికి ఒక ద్వారం తెరవడమే.

అయితే ఏ మొక్క నాటవలెను? కంటికి ఇంపైనదా, ముక్కుకు ఇంపైనదా? రెండు మూడు దశాబ్దాలుగా ఈ ప్రశ్నకు మరొక ప్రశ్న తోడైనది. బంతి విదేశీపుష్పమనీ, దేవగన్నేరు సముద్రాలు దాటి వచ్చినదనీ, ఇటువంటి వాటిని దేవతార్చనకు వాడరాదనీ కొందరు భక్తులు గట్టిగా వాదిస్తున్నారు. ఆ మాట విని ఏళ్ల తరబడి పెంచిన చెట్లను కొట్టివేసినవారూ ఉన్నారు. మరికొందరు భావమే ప్రధానమనీ, ఏ పువ్వయినా ఒకటేననీ అంటారు. ఈ రెండు మాటలలో దేనిని అంగీకరించాలన్నా ముందుగా చరిత్రను చూడవలసి ఉన్నది.

గృహోద్యానాన్ని గూర్చి మనకు లభించే ప్రాచీన వర్ణనలలో స్పష్టమైనది వాత్స్యాయనుని కామసూత్రంలో ఉన్నది. గ్రంథనామం విని ముఖం తిప్పుకొనవలసిన పని లేదు; ఆ ప్రకరణం గృహిణీధర్మాలకు సంబంధించినది. ఇల్లాలు దేవపూజాస్థానాన్ని శుభ్రంగా ఉంచుకొనడాన్ని చెప్పిన చోటనే, ఆమె తన తోటలో పెంచవలసిన మొక్కల జాబితా కూడా కలదు. కుబ్జకం, ఉసిరి, మల్లిక, జాతి, కురంటకం, నవమాలిక, తగరం, నంద్యావర్తం, జపా. వీటితో పాటు సమృద్ధిగా పూచే ఇతర పొదలు, వట్టివేరు మొదలైనవి. కుబ్జకాన్ని పండితులు తెల్లని అడవిగులాబీగా గుర్తిస్తారు. జాతి అంటే మన జాజి. కురంటకం ములుగోరింట. నంద్యావర్తం నేటికీ ప్రతి పెరటిలోనూ కనబడే నందివర్ధనం. చివరిదైన జపా అంటే మనం మందార అని పిలిచే పువ్వు. దానికి చెప్పుకోదగిన వాసన ఏమియు లేదు. ఉన్నదంతా వర్ణమే. అంటే పదిహేడు వందల ఏండ్ల క్రిందటి ఆ పెరటిలోనే పరిమళం గల మల్లె ప్రక్కన పరిమళం లేని మందారకు చోటు దొరికినది.

మందార అనగానే ఒక చిక్కుముడి ఎదురవుతుంది. అమరకోశంలో మందార, పారిజాత శబ్దాలు రెండు స్థలాలలో కనబడతాయి. స్వర్గవర్గంలో అవి దేవతరువుల పేర్లు: మందారం, పారిజాతం, సంతానం, కల్పవృక్షం, హరిచందనం. వనౌషధివర్గానికి వచ్చేసరికి అవే రెండు పేర్లు పారిభద్రమునకు పర్యాయాలుగా చెప్పబడినవి. పారిభద్రమంటే ముండ్లతో కూడి ఎర్రగా పూచే బాడిస చెట్టు. మనం నేడు పారిజాతమని వ్యవహరిస్తూ, తెల్లవారుజామున కాషాయవర్ణపు తొడిమలతో నేల రాలిన పూలను ఏరుకొనే చెట్టును సంస్కృతంలో శేఫాలిక అన్నారు. మనం మందార అంటున్నదానికి అమరసింహుడు చెప్పిన పేర్లు ఓడ్రపుష్పం, జపా. దేవలోకపు పేర్లు ముందు ఒక చెట్టు మీదికి దిగి, అక్కడ నుండి తెలుగువారి వాడుకలో మరి రెండింటి మీదికి మారినవన్నమాట. ఇందులో తప్పుపట్టవలసినది ఏమియు లేదు. జనులు తమకు మిక్కిలి ప్రియమైన పువ్వుకు స్వర్గంలోని పేరు పెట్టుకొన్నారు. కాని స్తోత్రాలలో మందారమాల అని వచ్చిన ప్రతిచోటా నేటి మందారనే భావించి, అదియే శాస్త్రవిధి అని నిర్ణయించడం పొరపాటు.

అశోకం కూడా ఇట్టిదే. నగరాలలో గేటుకు ఇరువైపులా నిట్టనిలువుగా పెరిగే చెట్టును అశోకమని అమ్ముతారు, కొంటారు. అది నారమామిడి. సీతాదేవి ఏ వృక్షం క్రింద కూర్చొన్నదో ఆ అశోకం గుబురుగా, నీడనిస్తూ, నారింజ ఎరుపు కలిసిన పూలగుత్తులతో నిండియుంటుంది. పేరు ఒకటే అయినంత మాత్రాన ఫలం ఒకటి కాదు. గృహస్థు కొనే ముందు ఆకును చూసి నిశ్చయించుకోవలె.

ఏ చెట్టు ఇంటి దగ్గర ముందుగా ఉండవలెనన్న ప్రశ్నకు వరాహమిహిరుడు 6వ శతాబ్దిలోనే సమాధానం చెప్పినాడు. బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయం చిన్నదే అయినా అందులో అనుభవసారం ఉన్నది. ఉద్యానాలలోను, గృహాల వద్దను శుభప్రదములైన వేప, అశోకం, పున్నాగం, దిరిసెనం, ప్రియంగువు మొదటగా నాటవలెనన్నాడు. పున్నాగమంటే పొన్న. నేల మెత్తగా ఉండాలని చెప్పి, అందుకు ఒక ఉపాయాన్ని కూడా ఉపదేశించినాడు: ముందుగా నువ్వులు చల్లి, అవి పూతకు వచ్చిన తరువాత ఆ పైరును ఆ మట్టిలోనే తొక్కించివేయవలె. నేటి వ్యవసాయాధికారులు పచ్చిరొట్ట ఎరువు అని చెప్పేది ఇదే. నీరు గ్రీష్మంలో ఉదయసాయంకాలాలు రెండుపూటలా, శీతకాలంలో దినం విడిచి దినం, వర్షర్తువులో నేల ఎండినప్పుడు మాత్రమే. చెట్టుకు చెట్టుకు ఇరువది మూరల ఎడం ఉత్తమం, పదునారు మధ్యమం, పన్నెండు అధమం. దగ్గరగా పెరిగి ఒకదానినొకటి తాకుతూ, వేళ్లు పెనవేసుకొన్న చెట్లు పీడితములై చక్కగా ఫలింపవని కారణం కూడా చూపినాడు. రెండు అడుగుల బాల్కనీలో పదిహేను కుండీలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పూయడం లేదని విచారించేవారు ఈ ఒక్క మాటను గుర్తుంచుకొన్నా చాలు.

వరాహమిహిరుని తరువాత వృక్షాయుర్వేదమనే పేరుతోనే సురపాలుడు ఒక స్వతంత్రగ్రంథం రచించినాడు. దాని వ్రాతప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు గ్రంథాలయానికి చేరి, మనవారి దృష్టిలో పడకుండా చాలాకాలం ఉండిపోయినది. 1996లో సికింద్రాబాదులోని ఆసియా వ్యవసాయచరిత్ర సంస్థ దానిని ఆంగ్లానువాదంతో ప్రకటించినది. పూల రంగును, వాసనను మార్చే ప్రయోగాలు సైతం అందులో ఉన్నవి. వాటిలో ఎన్ని ఫలిస్తాయన్నది వేరే విషయం. పువ్వుకు వాసన పెంచాలన్న తపన మాత్రం ఆనాటిదేనని స్పష్టం.

పెరటిచెట్టు ప్రసక్తి వచ్చినప్పుడు సత్యభామను తలవకుండా ఉండలేము. నారదుడు తెచ్చిన ఒక్క పువ్వును శ్రీకృష్ణుడు రుక్మిణికిచ్చినాడు. సత్యకు కోపం వచ్చినది. పువ్వుకు బదులుగా చెట్టునే తెచ్చి నీ పెరటిలో నాటుతానని స్వామి మాట ఇచ్చి, ఇంద్రునితో యుద్ధం చేసి తెచ్చినాడు. హరివంశంలోని ఈ కథను నంది తిమ్మన పారిజాతాపహరణంగా తెలుగుచేసి ఇంటింటి కథను చేసినాడు. వేదాంతార్థం ఎవరికి తోచినట్లు వారు చెప్పుకొందురు గాక. చరిత్రకారుని దృష్టికి ఇందులో కనబడేది మరొకటి. పరదేశం నుండి వచ్చిన చెట్టు ఒకటి ద్వారకలోని ఒక గృహోద్యానంలో వేరూనుకొన్నది. ఆ పరదేశం స్వర్గమైనంత మాత్రాన అది పరదేశం కాకపోదు. దానిని అక్కడ నాటినవాడు సాక్షాత్తు భగవంతుడు.

మన దేశంలోనే పుట్టి, మన దేశపు పేరుతోనే పెనవేసుకొన్న పువ్వులు కూడా లేకపోలేదు. వాటిలో అగ్రస్థానం మల్లెది. శ్రీశైలనాథుని నామంలోనే మల్లిక ఉన్నది. చంద్రవతి అనే రాజపుత్రి నిత్యం మల్లికామాలలతో అర్చించినందున స్వామికి ఆ పేరు వచ్చినదని స్థలపురాణం చెబుతున్నది. అర్జునమంటే మద్దిచెట్టు గనుక, మద్దిచెట్టును అల్లుకొన్న మల్లెతీగ క్రింద స్వామి వెలసినాడని మరొక సంప్రదాయం. ఆతుకూరి మొల్ల పేరు కూడా ఒక పువ్వుదే; సంస్కృతకవులు పలువరుసకు ఉపమానంగా వాడిన కుందమే మన మొల్ల. మల్లె, జాజి, విరజాజి, మొల్ల అన్నీ ఒకే కుటుంబం. ఒక్కొక్కటి ఒక్కొక్క ఋతువును పంచుకొన్నది. మల్లె వేసవిది. జాజి వానాకాలం నుండి విరివిగా పూస్తుంది. మొల్ల చలికాలపు పువ్వు. ఈ మూడింటిని నాటిన గృహస్థు దేవునిగదిలో సంవత్సరంలో అధికభాగం ఇంటిపువ్వుకు లోటుండదు.

ఏది దేవునికి అర్హం, ఏది కాదు అన్న విచారణ స్మృతులలోను ఆగమాలలోను విస్తారంగా ఉన్నది. విష్ణుస్మృతి చెప్పిన నియమాలు గమనించదగినవి. ఉగ్రమైన వాసన గలది, బొత్తిగా వాసన లేనిది, ముండ్లచెట్టున పూచినది అర్పింపరాదు. ఎర్రనిది కూడా వద్దు. ఇంతవరకు చదివి పుస్తకం మూసినవాడు గులాబిని, కలువను, తామరను అన్నింటిని వదలిపెట్టవలసి వస్తుంది. కాని స్మృతికారుడు అక్కడ ఆగలేదు. ముండ్లచెట్టుదైనా తెల్లనిదై సువాసన గలదైతే అర్పింపవచ్చునన్నాడు. ఎరుపైనా కుంకుమపువ్వు, జలంలో పుట్టిన పువ్వు అర్హమేనన్నాడు. నియమం వెంటనే అపవాదం. ముండ్ల విషయంలో ఆ అపవాదానికి ఆధారం పరిమళం. పువ్వు ఏ దేశంలో పుట్టినదన్న ప్రశ్న ఆ నియమాలలో ఎక్కడా లేదు.

దేవతాభేదాన్ని బట్టి మారే నియమాలు వేరుగా ఉన్నవి. శివునికి జిల్లేడు, ఉమ్మెత్త, తుమ్మి ప్రీతి; విష్ణువుకు జిల్లేడు, ఉమ్మెత్త పనికిరావు. శివునికి మొగలి వర్జ్యం. బ్రహ్మ పక్షాన అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు శాపమని శివపురాణకథ. గణపతికి తులసి నిత్యపూజలో లేదు. వాసన లేని మందార దేవికి అత్యంత ప్రీతిపాత్రం. ఇక మొగ్గలు అర్పింపరాదన్న సామాన్యనియమానికి సంపెంగ, తామర మినహాయింపులు. నేల రాలినవి వద్దన్న నియమాన్ని మనవారు పారిజాతం విషయంలో సడలించినారు. ఆ చెట్టు తెల్లవారేసరికి తన పూలను తానే రాల్చివేస్తుంది, మరి కోసే మార్గమేది?

పంచోపచారపూజలో ఒక సూక్ష్మం కలదు. గంధసమర్పణం పృథివీతత్త్వాత్మకం, పుష్పసమర్పణం ఆకాశతత్త్వాత్మకం. గంధాన్ని ఒక ఉపచారంగాను, పువ్వును వేరొక ఉపచారంగాను పెద్దలు విభజించినారు. పరిమళం ఒక్కటే పువ్వు యొక్క సారమైతే ఈ విభాగం అనవసరం. ఆకాశంలోనికి వికసించడం, విచ్చుకోవడం, అవకాశాన్ని నింపడం పువ్వు చేసే పని. అందుచేత వాసన లేని మందారను, నూరువరహాలను తక్కువచూపు చూడవలసిన పని లేదు. అయినా పెరటిలో స్థలం ఒక్క మొక్కకే ఉన్నదంటే స్మృతికారుని మొగ్గు ఎటువైపో పైన చూచినాము.

పుష్పకైంకర్యమే జీవితంగా గడిపిన మహనీయుల చరిత్రలు దక్షిణదేశంలో అనేకం. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు తులసీవనాన్ని, పూలతోటను పెంచి వటపత్రశాయికి మాలలు కట్టినాడు. ఆ తోటలోనే గోదాదేవి దొరికినది. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదకు ఆ ఇంటి పూలమాలయే పేరు. శ్రీరంగంలో తొండరడిప్పొడి ఆళ్వారు, అనగా విప్రనారాయణుడు, తోటమాలిగానే బ్రతికినాడు. ఆయన కథ సారంగు తమ్మయ్య చేత వైజయంతీవిలాసమై మనకు దక్కినది. కాని తెలుగుదేశానికి సంబంధించినంతవరకు ఈ పరంపరలో అత్యంత ప్రత్యక్షమైనది అనంతాళ్వారుల చరిత్ర.

శ్రీరంగంలో రామానుజాచార్యులు నమ్మాళ్వారుల దివ్యప్రబంధాన్ని వ్యాఖ్యానిస్తూ, తిరుమల కొండపై పుష్పకైంకర్యం చేయవలసిన ఆవశ్యకతను చెప్పి, ఎవరు వెళతారని శిష్యులను అడిగినారు. చలి, అడవి, జ్వరాలు, క్రూరమృగాలు. సభ మౌనం వహించినది. అనంతుడు ఒక్కడే లేచినాడు. ఆయన భార్యాసమేతుడై తిరుమల చేరి, తోట వేసి, ఆ తోటకు నీటికోసం చెరువు త్రవ్వనారంభించినాడు. తాను త్రవ్వుతాడు, నిండుచూలాలైన భార్య మట్టితట్టలు మోస్తుంది. పరుల సాయం తీసుకొనరాదని ఆయన సంకల్పం. ఒక బాలుడు వచ్చి ఆమె చేతి తట్టను మార్గమధ్యంలో అందుకొని మోయసాగినాడు. భార్య ఇంత త్వరగా తిరిగివస్తున్నదేమని విచారించి, సంగతి తెలిసి, ఆగ్రహించి అనంతాళ్వారు చేతిలోని గునపాన్ని విసిరినాడు. అది బాలుని గడ్డానికి తగిలినది. బాలుడు ఆలయంలోనికి పరుగెత్తి మాయమైనాడు. గర్భాలయంలో స్వామి చుబుకం నుండి రక్తం స్రవించడం అర్చకులు చూచినారు. అప్పుడు గాయానికి అద్దిన పచ్చకర్పూరం నేటికీ స్వామి చుబుకాన ఉన్నది. ఆ గునపం మహాద్వారం వద్ద నేటికీ వేలాడుతున్నది.

ఈ కథను అందరూ స్వామి కారుణ్యానికి నిదర్శనంగా చెబుతారు. అందులోని తోటపనిని మాత్రం గమనించేవారు తక్కువ. తోట కంటె ముందు ఆయన ఆలోచించినది నీటిని గురించి. కొండపై వానలు పడతాయి, కాని నీరు నిలువదు. చెరువు లేనిదే వేసవిలో మల్లె లేదు. ఆ పనికి ఆయన ఇచ్చిన ప్రాధాన్యం ఎంతటిదంటే, ఒకనాడు స్వామి కబురంపినా ఆయన వెంటనే వెళ్లలేదు. మాల పూర్తిచేసి తరువాత వచ్చినాడు. ఆలస్యమేమని అడిగితే, మొగ్గలు విచ్చుకొనే సమయమనీ, తాను వచ్చినది పుష్పకైంకర్యానికనీ బదులు చెప్పినాడు. పూలు కోస్తుండగా పాము కరిచినా ఆయన చికిత్సకు పోలేదట. విషం గెలిస్తే విరజానదిలో స్నానమాడి వైకుంఠంలో సేవిస్తాను, దేహం గెలిస్తే పుష్కరిణిలో స్నానమాడి ఇక్కడ సేవిస్తాను అన్నది ఆయన లెక్క.

తిరుమలకు పుష్పమంటపమని సంప్రదాయనామం. శ్రీరంగం భోగమంటపం, కంచి త్యాగమంటపం. కొండపై పూచిన ప్రతి పువ్వు స్వామిదేనన్న భావనతో అక్కడ స్త్రీలు తలలో పూలు ధరింపరు. స్వామికి అలంకరించిన మాలలను ప్రసాదంగా పంచక పూలబావిలో విడిచే ఆచారం ఉండినది. ఆలయంలో మాలలు కట్టే స్థలానికి యామునాచార్యుల పేరు. తోమాల సేవలోని తోమాల, భుజాల మీదుగా వ్రేలాడే మాల అనే అర్థంగల ద్రావిడశబ్దం. తిరుమల శాసనాలలో నందనవనాల పోషణకు సంబంధించిన ప్రస్తావనలు కనబడతాయి. కార్తికమాసంలో శ్రవణానక్షత్రం నాడు జరిగే పుష్పయాగం నడుమ శతాబ్దాలపాటు ఆగిపోయి, 1980లో పునరుద్ధరింపబడినది.

ఇప్పుడు గులాబి విషయం. ఆ మాట పారసీకానిది. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. పన్నీటి పేరు మన భాషలో పువ్వు పేరైపోయినది. సంస్కృతవైద్యనిఘంటువులు దీనికి శతపత్రి, తరుణి అని పేర్లు పెట్టుకొన్నవి. 1443లో పారసీక రాయబారి అబ్దుర్రజాకు విజయనగరానికి వచ్చినప్పుడు ఆ పట్టణంలో ఎక్కడ చూచినా గులాబీలు అమ్మడం చూచి ఆశ్చర్యపోయినాడు. ఈ జనులకు అన్నమెంత అవసరమో గులాబి కూడా అంత అవసరమని వ్రాసుకొన్నాడు. గులాబీలకు ప్రసిద్ధమైన దేశం నుండి వచ్చినవాడు ఈ మాట అనడం విశేషం. హిందూధర్మరక్షణకు పెట్టని కోటయని మనం చెప్పుకొనే విజయనగరం, పరభాషాపదంతో పిలువబడే పువ్వును ఇంత ప్రేమతో స్వీకరించినది.

ఆ తరువాతి శతాబ్దాలలో ఓడలు మరింత దూరం నుండి మొక్కలను తెచ్చినవి. బంతి స్వస్థలం మెక్సికో. అక్కడి ప్రాచీనజాతులు తమ మృతుల ఆరాధనలో దానిని వాడినారు. నేలసంపెంగ కూడా మెక్సికోదే. ఆ గడ్డమొక్కకు భూమి నుండి లేచిన సంపెంగ అని పేరు పెట్టినవారి సౌందర్యదృష్టి కొనియాడదగినది. దేవగన్నేరు మధ్య అమెరికా ప్రాంతాలది. కాని నేడు దేవాలయ ప్రాంగణాలలో అది లేని ఊరు అరుదు. రాత్రిరాణి పశ్చిమ ఇండీసు ద్వీపాలది. కాగితపుపూల తీగను 1767లో బ్రెజిలులో ఫ్రెంచి నౌకాయాత్రికులు సేకరించినారు. అందులో మనం పువ్వనుకొనేది రంగు ఆకు మాత్రమే, అసలు పువ్వు దాని నడుమ తెల్లగా చిన్నదిగా ఉంటుంది. చామంతి చైనా నుండి వచ్చినది. మందార స్వస్థలాన్ని గూర్చి వృక్షశాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు.

తెలంగాణలో బతుకమ్మను పేర్చే స్త్రీలు తంగేడును, గునుగును, బంతిని, చామంతిని ఒకే పళ్లెంలో పేరుస్తారు. తంగేడు ఈ నేలలో పుట్టినది, బంతి సముద్రం దాటి వచ్చినది. ఆ తల్లులు వాటి నడుమ భేదం పాటించలేదు. బంతి విషయంలో స్మృతిప్రకారం విచారింపదగినది దాని దేశం కాదు, దాని ఘాటైన వాసన. అందుకనియే కాబోలు, చాలా ఇండ్లలో అది గుమ్మానికి తోరణమై, దేవుని గదిలోపల అర్చనకు జాజులు, చామంతులు ఉంటాయి. ఆచారం ఇక్కడ శాస్త్రానికి చాలా దగ్గరగా నడచినది. బంతి చెట్టును పెరికివేయమని మాత్రం ఏ శాస్త్రమూ చెప్పలేదు.

మన మొక్కల పేర్లు పుస్తకాలకెక్కిన వృత్తాంతం కూడా తెలుగునేలకు చెందినదే. స్కాట్లండుకు చెందిన వైద్యుడు విలియం రాక్సుబరో 1780ల నాడు సామర్లకోటలో తోట నిర్వహించి, ఇక్కడి మొక్కలను స్వదేశీ చిత్రకారులచేత చిత్రింపజేసినాడు. 1795 నుండి వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో అనేక మొక్కలకు తెలుగుపేర్లు ఇవ్వబడినవి. ఆ సామర్లకోటకు ఎంతో దూరం లేని కడియం, కడియపులంకలు నేడు దేశానికంతటికీ పూలమొక్కలు పంపుతున్నవి. గోదావరి లంకమట్టి మహిమ అది.

కాని నర్సరీలో కంటికి కనబడేది రంగే. ముక్కుతో పరీక్షించి కొనేవారు తక్కువ. అంగడి గులాబి పెద్దదై, ఎర్రనిదై, వారం రోజులు వాడక నిలుస్తుంది. దగ్గరకు తీసుకొంటే వాసన ఉండదు. రంగు, నిలువ, దూరప్రయాణానికి ఓర్పు, వీటికోసమే తరతరాలుగా సంకరం చేయడంలో పరిమళం జారిపోయినది. గులాబిలో ప్రధానమైన సువాసన ఏర్పడడానికి తోడ్పడే ఒక ఎంజైము వాసన లేని రకాలలో బలహీనపడినదని 2015లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుల బృందం ప్రకటించినది. స్మృతి గులాబి వంటి ముండ్లపువ్వుకు ప్రవేశమిచ్చినది సువాసన ఉన్నదనియే. ఆ సువాసనే పోయిన తరువాత దానిని కొని తెచ్చేవాడు దేనిని కొంటున్నాడో ఆలోచించుకొనవలె. నాటు గులాబి, పన్నీరు గులాబి మొక్కలు ఇప్పటికీ దొరుకుతాయి. అవి చిన్నవి, ఒక్కపూటలో రేకులు రాలుస్తాయి, గది నిండా వాసన విడుస్తాయి.

సంపెంగను గూర్చి కవులు ఒక చిత్రమైన మాట చెప్పినారు, తుమ్మెద దానిపై వ్రాలదని. ఆ అవమానంతో తపస్సు చేసి సంపెంగ నాయిక నాసికగా పుట్టినదన్న వసుచరిత్రలోని కల్పన పద్యప్రియులందరికీ తెలిసినదే. తుమ్మెదల మాట ఎట్లున్నా, గింజతో మొలిచిన సంపెంగ పూయడానికి చాలా సంవత్సరాలు పడుతుంది. అంటుమొక్క త్వరగా పూస్తుంది. పెద్ద చెట్టవుతుంది కనుక గోడకు దూరంగా నాటవలె. స్థలం ఉన్నవారికి పొగడ కూడా శ్రేష్ఠం. దాని పువ్వు వాడినా, ఎండినా వాసన విడువదు. మల్లెకు నిండు ఎండ కావలె. శీతకాలంలో నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తేనే వేసవిలో మొగ్గలు దట్టంగా వస్తాయి. ఈ కఠినత్వం చూపలేక జాలిపడి నీరు పోస్తూ ఉన్నవారికి ఆకులు మిగులుతాయి, పూలు మిగలవు. నీడ కొంత ఉన్నచోట నందివర్ధనం సర్దుకొంటుంది, సంవత్సరమంతా పూస్తుంది. నాలుగైదు అంతస్తుల పైన ఒకే కుండీకి చోటుంటే మల్లె, అంతకంటె చోటు తక్కువైతే మరువం, దవనం. వాటికి ఆకే పువ్వు.

పచ్చగన్నేరు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అమెరికా ఖండం నుండి వచ్చిన ఆ చెట్టు గింజ ప్రాణాంతకం. మన ఎర్రగన్నేరు, కరవీరమని శాస్త్రాలలో ప్రసిద్ధమైనది, అది కూడా ఆకు మొదలు వేరు దాకా విషపూరితమే. దేవతార్చనకు అర్హమైనంత మాత్రాన పసిపిల్లల చేతికి అందదగినది కాదు. పిల్లలు, పశువులు తిరిగే ఇంటిలో దానిని నాటకపోవడమే మేలు. నాటినవారు కోసిన తరువాత చేతులు కడుగుకొనవలె, ఎండిన కొమ్మలను పొయ్యిలో పెట్టరాదు.

తిరుమల బ్రహ్మోత్సవాలు ముగిసిన మరునాడు భాగసవారి జరుగుతుంది. స్వామి అనంతాళ్వారుల తోట అయిన పురుశైవారి తోటకు వేంచేస్తాడు. ఆ ఊరేగింపు అప్రదక్షిణంగా సాగుతుంది. పూర్వం ఒకనాడు ఆ తోటలో రాత్రివేళ పూలు కోస్తూ పట్టుబడి, అనంతాళ్వారులకు అందకుండా స్వామి ఆ దిశలోనే పరుగెత్తినాడని సంప్రదాయం. అనంతాళ్వారుల బృందావనం ఆ తోటలోనే ఉన్నది, ప్రక్కన పొగడచెట్టు. స్వామి అక్కడ నివేదన స్వీకరించి, తిరిగి ఆలయానికి వేంచేస్తాడు.